మొదటి గడ్డపార

మా ఊరి జనం తెలివి మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆ మాట వాళ్ల ముఖం మీదే చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఎడ్డెం మాసయ్య అని పేరు పెట్టారు. పెట్టనీ. గొర్రెల మందలో ఒక్కటి నిలబడి వెనక్కి చూస్తే దానికి పిచ్చి అంటారు, తల వంచుకుని గుంతలో పడేవాటికి మాత్రం ఏ పేరూ ఉండదు.

గద్వాల దగ్గరి గట్టు అనే ఊరికి నడిచిపోయేంత దూరంలో ఉంది మా ఊరు. బస్సు ఆగేచోట, మొయినుద్దీన్ చాయ్ హోటలు పక్కన, రేకుల కింద నా కుట్టుమిషను. ఎన్నికలొస్తే అన్ని పార్టీల జెండాలూ ఆ మిషను మీదే కుట్టేవాణ్ణి. ఒక పార్టీ గుడ్డలో మిగిలిన పీలికలు ఇంకో పార్టీ జెండాలో అతుకు వేసేవాణ్ణి. మోసినవాడికీ తెలియలేదు, ఎగరేసినవాడికీ తెలియలేదు.

కృష్ణా నది ఎంతో దూరంలో లేదు. మా మగవాళ్లు, ఆడవాళ్లు పాలమూరు లేబరని పేరు తగిలించుకుని ఎక్కడెక్కడి దేశాలకో పోయి కాలువలు తవ్వి, ఆ ఊళ్లకు నీళ్లు పారించి తిరిగొస్తారు. ఇక్కడ మా చేలు మాత్రం మొగులు వైపు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఓట్లప్పుడు ఒక పెద్దమనిషి జీపు దిగి, ఈసారి నీళ్లు తెస్తాను అంటాడు. వీళ్లు కేకలేసి పూలు చల్లుతారు. ఐదేళ్లకు మళ్లీ అదే మనిషి, అదే మాట, పూలు మాత్రం కొత్తవి. మండలాలు చేసిన యేడు ఆఫీసు మా ఊరికే రావాలని నిరాహారదీక్ష పట్టారు. పొద్దున కూర్చుని, ఆకలైనప్పుడు ఎవరింటికి వాళ్లు పోయి జొన్నరొట్టె తిని, మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ దీక్షలో కూర్చున్నారు. నేను నవ్వితే ఊరికి ద్రోహిని అన్నారు.

ఇళ్లలో మాత్రం ఏం తక్కువ? పెండ్లికి ముహూర్తం, బోరుకు ముహూర్తం, బర్రెను కొనబోతే ముహూర్తం. పెండ్లాన్ని కొట్టడానికి మాత్రం ఏ ముహూర్తమూ చూడరు. ఇవన్నీ నేను మిషను తొక్కుకుంటూ గట్టిగానే అనేవాణ్ణి. బట్టలు కుట్టించుకోవాలంటే ఆ మాటలు వినక తప్పదు వాళ్లకు, చుట్టుపక్కల ఇంకో దర్జీ లేడు.

నా పెండ్లాం సాయమ్మకు తొన్ను ఉండేది. చేతుల మీద, పెదవుల చుట్టూ తెల్లమచ్చలు. నొప్పి లేదు, జ్వరం లేదు, ఎవరికీ అంటదు. కర్నూలు దవాఖానలో పెద్ద డాక్టరు ఆ ముక్క నాకు రెండుసార్లు చెప్పాడు. మా ఊరి జనం డాక్టరు కంటే పెద్దవాళ్లు కదా, వాళ్లు ఒప్పుకోలేదు. బావి దగ్గర అందరూ తోడుకున్నాక ఆమె తోడుకోవాలి. పెండ్లి పిలుపు నాకు చెప్పి, ఆమె వైపు చూడకుండా పోయేవాళ్లు. నేను పెండ్లిళ్లకు పోవడం మానేశాను. ఆమె మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, పైగా ప్రతి సోమవారం ఒక్కపొద్దు ఉండేది. నీ దేవునికి రంగు చాలలేదా, సగంలో ఆపాడు అని నేను ఆటపట్టిస్తే, “ఉన్నదంత నీ నోటికే పెట్టిండు, నాకేడ మిగుల్తది” అనేది.

ఆ నోటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. జ్వరమొచ్చి నాలుగు దినాల్లో పోయింది. నేను వాకిట్లో కూర్చుని ఎదురుచూశాను. ఒక్కరు రాలేదు. శవం ముట్టుకుంటే తొన్ను అంటుకుంటుందట. తలుపుల సందుల్లోంచి చూశారు. నేను కుట్టిన అంగీలు వేసుకున్నవాళ్లే, నేను కుట్టిన రవికలు వేసుకున్నవాళ్లే. చివరకు మొయినుద్దీన్ హోటలు మూసి తన ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకొచ్చాడు. నలుగురం కలిసి వాగు ఒడ్డున బొందలగడ్డకు తీసుకుపోయాం. మా ఇళ్లలో పూడ్చడమే ఆచారం. ఆకుపచ్చ గాజులు చేతులకు అట్లాగే ఉంచి, తెల్లబండకు తూర్పున బొంద తీసి పెట్టాం. తెల్లబండకు పడమర పక్క బాలకిష్టయ్య బొంద. ఆయన మా సర్పంచు బాలస్వామి తండ్రి, ఆమెకంటే ముందు యేడు పోయాడు. ఊళ్లో పెద్దమనిషి, ఇంట్లో చింతబరిగె. అప్పటికి ఆయన తలాపున రాయి ఉంది.

తరువాత ఆ రాయీ లేదు, ఏ రాయీ లేదు. వాగు మీద కల్వర్టు పని బాలస్వామికే వచ్చింది. రాళ్లు ఎక్కడినుంచో తేవడమెందుకని బొందలగడ్డలో ఉన్న తలాపు రాళ్లన్నీ పీకించి అందులో వేశాడు. తండ్రి రాయి కూడా పోయింది. నేను కొట్లాటకు పోతే, చచ్చినోళ్లకు రాళ్లెందుకు, బతికినోళ్లకు తొవ్వ కావాలె గాని అని నవ్వాడు. ఊరు కూడా నవ్వింది. ఆ కల్వర్టు మీదుగా రోజూ మోటారు సైకిలు మీద పోతాడు. బొందలగడ్డ మాత్రం దున్ని వదిలేసిన చేనులా ఒకే తీరున అయింది, తన తండ్రిని ఎక్కడ పెట్టాడో బాలస్వామే చెప్పలేడు.

ఆ తరువాత వరసగా రెండేళ్లు వాన లేదు. వేసిన ఆముదాలు మొలకలోనే మాడాయి. జనం చేయని పని లేదు. కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పారు. గాడిదలకు పెండ్లి చేశారు. బడిలో సైన్సు చెప్పే జయరాజు సారు ఆ గాడిదల మీద అక్షింతలు వేశాడు. పొద్దున పిల్లలకు ఆవిరి, మేఘం, వాన అని బోర్డు మీద బొమ్మ గీసిన చేయే అది. నువ్వేంది సారూ అంటే, ఊరితో ఉండాలి గదా మాసయ్యా అన్నాడు. ఇట్లాంటివాళ్ల మీదే నాకు ఎక్కువ మంట. తెలియనివాడిది అజ్ఞానం, తెలిసినవాడిది పిరికితనం.

గాడిదలు కాపురం చేసుకున్నాయి గాని వాన రాలేదు. అప్పుడు రాయచూరు వైపు నుంచి ఒక సోదెగాణ్ణి తెచ్చారు. వాడు బాలస్వామి ఇంట్లో కోడికూర తిని, త్రేన్చి, మట్టిలో తొన్ను ఉంది, భూతల్లి సిగ్గుపడి మొగులుకు ముఖం చూపడం లేదు అన్నాడు. మా సరిహద్దు ఊళ్లలో ఈ పిచ్చి పాతదే. తొన్ను ఉన్న మనిషిని పూడిస్తే వానలు ఆగిపోతాయట. తవ్వితీసి కాల్చి, బూడిద వాగులో కలపాలట. మొదటి గడ్డపార ఇంటి మనిషే వేయాలట, వేరేవాడు వేస్తే ఆ తొన్ను వాడికి వస్తుందట. చూడండి, పాపం చేయించడంలో కూడా ఎంత జాగ్రత్త.

వాళ్లు నా మిషను ముందు నిలబడ్డప్పుడు పొద్దు నడినెత్తికి వచ్చింది. ముందు బాలస్వామి, వెనక ఊరు. అతను మెత్తగానే మొదలుపెట్టాడు. సాయమ్మక్క మంచిదే, కాదనడం లేదు, కానీ ఊరు బతకాలి అన్నాడు. కత్తెర పట్టుకుని లేచాను. బతికున్నప్పుడు గుక్కెడు నీళ్లు ముందు తోడుకోనివ్వలేదు, చచ్చినాక పండుకోనివ్వరా అని అరిచాను. ఎవరు ముందుకొస్తే వాళ్ల కడుపు చీలుస్తానన్నాను. వాళ్లకు నా కత్తెర భయం లేదు.

“మాసన్నా, సోమారం దాంక చూస్తం,” అన్నాడు బాలస్వామి. “నువ్వు జాగ చూపియ్యకుంటే బొందలగడ్డ మొత్తం తవ్విపిస్త. ఆకుపచ్చ గాజులు ఏడ దొరికితే గదే అనుకుంటం.”

అంత పనీ చేస్తాడని నాకు తెలుసు. తన తండ్రి తలాపు రాయి పీకినవాడికి ఒకరి బొంద ఒక లెక్కా.

ఠాణాకు పోయాను. అక్కడి జమాను, అంటే హెడ్డు కానిస్టేబులు, చుట్ట ఆర్పకుండా విని, తవ్వినాక రా, కేసు రాస్తాం, తవ్వకముందే ఏం రాయాలి అన్నాడు. గద్వాలకు పోయి, నీళ్లు తెస్తానన్న ఆ పెద్దమనిషి ఇంటి ముందు పొద్దంతా నిలబడ్డాను. నీళ్లు తేవడం చేతగాని మనిషికి నా గోడు విసుగనిపించింది. ప్రజల నమ్మకంతో పెట్టుకోవద్దు, అవి వాళ్ల మనోభావాలు అన్నాడు. నాకు మనోభావాలు లేవా అని అడగబోతే, గేటు వేసుకోమని మనిషికి సైగ చేశాడు. జయరాజు సారు దగ్గరికి పోతే ఇంట్లో ఉండి లేనని చెప్పించాడు. ఈ దేశంలో ధర్మం అడగబోయిన మనిషికి దొరికేది చెప్పుల అరుగుదల ఒక్కటే.

తిరిగొచ్చి మొయినుద్దీన్ హోటల్లో కూలబడ్డాను. అతను చాయ్ పోసి ఎదురుగా కూర్చున్నాడు. నేను ఊరందర్నీ పేరు పేరునా తిట్టాను. అందరూ రాకపోయినా ఆనాడు ఒక్కడైనా బొందలగడ్డకు వచ్చాడా, ఒక్కడు ఒక్క పిడికెడు మట్టి వేశాడా అన్నాను. అంటూనే ఆగిపోయాను. ఒక్కడు కూడా రాలేదు. మరి ఒక్కడికైనా ఆమె ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? మొయినుద్దీన్ నా ముఖం చూసి, నేనేమీ చెప్పకుండానే తల ఊపాడు.

“నాకేం యాదికి లేదు మాసయ్యా,” అన్నాడు. “నా తమ్ముళ్లకు గూడ లేదు.”

సోమవారం పొద్దున నేనే గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచాను. ఊరంతా వెనకొచ్చింది. చచ్చిననాడు రాని ఊరు, కాల్చడానికి మాత్రం పిల్లాజెల్లాతో వచ్చింది. తెల్లబండ దగ్గర ఆగాను. తూర్పు వైపు కన్నెత్తి చూడలేదు. పడమరకు తిరిగి, బాలకిష్టయ్య గుండెల మీద మొదటి గడ్డపార దించాను.

తొన్ను గాలి తగులుతుందని ముక్కులకు, నోళ్లకు తువ్వాళ్లు బిగించుకుని తవ్వారు. బొక్కలు కనబడగానే తవ్వేవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. అసలు లోపల ఏముందో చూసే ధైర్యం ఒక్కడికీ లేదు. ఈ జనం గురించి నేను జీవితమంతా చెప్పింది ఇదే, ఆ రోజుకు అదే నాకు అక్కరకొచ్చింది. బాలకిష్టయ్య నడుమున వెండి మొలతాడుండేది, కొడుకులు దాన్ని కూడా విప్పుకుని పూడ్చారు కాబట్టి గుర్తు పట్టేందుకు ఏమీ మిగలలేదు. బాలస్వామి ఒక్కడు దూరం నుంచి మెడ సాచి చూశాడు.

“గాజులేవి?” అన్నాడు.

నా గుండె ఆగింది. నోరు మాత్రం ఆగలేదు, దాని అలవాటు అది.

“మంచి గాజులు మట్టిల పెడ్తరా ఎవరన్న? తీసి అమ్ముకున్న.”

గుంపంతా ఛీ అంది. పుణ్యస్త్రీ చేతి గాజులు అమ్ముకున్నాడని ఆడవాళ్లు నాకు శాపనార్థాలు పెట్టారు. బాలస్వామి కాండ్రించి ఉమ్మేసి, దేవుడు దయ్యం లేనోడు ఏమైనా చేస్తాడు అన్నాడు. ఒక్కడు కూడా అనుమానపడలేదు. నా చెడ్డపేరు నాకు అన్నం పెట్టకపోయినా ఆ పూట నా పెండ్లాన్ని కాపాడింది.

కందికట్టె పేర్చారు, రేషను కిరసనాయిలు పోశారు. అగ్గిపుల్ల బాలస్వామే గీశాడు. తండ్రి చచ్చిననాడు కంటతడి పెట్టని కొడుకు, ఆ పొగకు కండ్లు మండి బుడబుడ కారుస్తుంటే చూశాను. నాకు జాలి వేయలేదు. బూడిద తీసుకుపోయి కల్వర్టు కింద వాగులో కలిపారు.

వారం తిరగకముందే వాన పడింది.

పడితే మామూలుగా కాదు, కల్వర్టు మీదికి వాగు ఎక్కింది. జనం నడివీధిలో ఎగిరారు. సోదెగాడికి కొత్త పంచె పెట్టారు. బాలస్వామి తానే మొగులుకు చిల్లి పెట్టినట్టు తిరిగాడు. వచ్చినవాడల్లా నా మిషను ముందు నిలబడి, ఇప్పుడేమంటావు మాసయ్యా అనేవాడు. గట్టులోనూ పడింది, గద్వాలలోనూ పడింది, నది అవతల రాయచూరులోనూ పడింది, అక్కడ ఎవరి పెండ్లాన్ని కాల్చారు అని అడగాలని నాలుక దురద పెట్టేది. అంతకంటే పెద్ద మాట నా కడుపులో ఉంది. మీరు కాల్చింది సాయమ్మను కాదురా, ఆమె అట్లాగే ఉంది, అయినా వాన పడింది, మీ నమ్మకం పచ్చి అబద్ధం అని తేల్చే రుజువు, ఈ లోకంలో ఎవరికీ దొరకనంత గట్టిది, నా ఒక్కడి దగ్గరే ఉంది. నోరు తెరిస్తే మరుసటి పొద్దుకు ఆమెను తీసి కాలుస్తారు. కాబట్టి మూసుకున్నాను. నలభై ఏండ్లు అడ్డమైన వాటికీ వాగిన నోరు, నిజంగా చెప్పాల్సిన ఒక్కమాట దగ్గర కుట్టేసుకుంది. ఆ కోపానికి రాత్రిళ్లు పండ్లు కొరుక్కునేవాణ్ణి.

అది చాలదన్నట్టు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. బాలస్వామికి తండ్రి మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. నాయిన పేరున బొందలగడ్డలో సిమెంటు గద్దె కట్టిస్తా, గద్వాల పెద్దమనిషితో పూలదండ వేయిస్తా అని చాటింపు వేయించాడు. తండ్రి బొంద కోసం వెతుకుతాడు. పడమర పక్క తవ్విన గుంత చూస్తాడు. తూర్పు పక్క గడ్డపార వేస్తే గాజులు బయటపడతాయి.

ఆ మరునాడు బాలస్వామి తల్లి జానకమ్మ రవిక వదులు చేయించుకోవడానికి వచ్చింది. బాలకిష్టయ్య పెండ్లాం, డెబ్బై దాటిన మనిషి, ఎడమచేయి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది. హోటల్లో ఎవరూ లేని సమయం చూసే వచ్చింది. స్టూలు మీద కూర్చుని, రవిక నా చేతిలో పెట్టి, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది.

“మాసయ్యా, నువ్వు తవ్విపిచ్చింది మా ముసలోన్ని.”

మిషను తొక్కడం ఆపాను. ఆమె నా వైపు చూడలేదు, బస్సు తొవ్వ వైపు చూస్తూ చెప్పుకుపోయింది. ముసలాయన పోయిన మూడోనాడు, మూడొద్దులకు, పిట్టకు పెట్టడానికి బొందలగడ్డకు పోయిందట, తెల్లబండకు పడమర పక్కనే మెతుకులు పెట్టిందట. సాయమ్మను మేం తూర్పున పెట్టిననాడూ, మళ్లీ తవ్వేనాడూ మిద్దె మీద నిలబడి చూస్తూనే ఉందట. మరి ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా అని అడిగాను.

“ఎందుకు చెప్త?” అంది. “ఆయన నా చెయ్యి ఇరగ్గొట్టిననాడు నాకు నెత్తి దువ్వనీకి కోడండ్లు గూడ రాకపాయె. నీ పెండ్లం దొడ్డితొవ్వ వచ్చి నెల దినాలు దువ్వి జడేసింది. తెల్ల చేతులని నాకేం అనిపియ్యలే. సల్లగుండె ఆ చేతులు.”

ఆ సంగతి సాయమ్మ నాకు ఏనాడూ చెప్పలేదు. నేను పెద్దగా ఏడ్చాను. ఊరి ముందు ఏడవడమంటే నాకు అసహ్యం, అయినా ఆగలేదు. ముసలమ్మ నా ఏడుపు అయిపోయేదాకా కూర్చుంది. తరువాత కొంగు సర్దుకుంటూ లేచింది.

“నిన్న పిలగాడు అడిగిండు, నాయిన ఏడున్నడే అని. సాయమ్మను చూపిచ్చిన. తవ్వకు, పైననే కట్టు అన్న. రేపు నన్ను గూడ ఆడనే పెడ్తరు. నాకు గదే మంచిగుంటది.”

వీళ్లలో బుర్ర ఉన్నది నా ఒక్కడికే అనుకుని బతికినవాణ్ణి. డెబ్బై ఏండ్ల ముసల్ది, అక్షరం ముక్క రానిది, నా పక్క వీధిలోనే దేన్నీ నమ్మకుండా, ఒక్కమాట బయటికి అనకుండా కూర్చుని ఉందని నాకు తెలియలేదు. రవిక కుట్టి ఇంటికి తీసుకుపోయి ఇచ్చాను.

గద్దె లేచింది. నున్నటి సిమెంటు, చుట్టూ ఇనుప కంచె, బాలకిష్టయ్య పేరు చెక్కిన నల్లరాయి. ఇంక దాని జోలికి ఏ సోదెగాడూ రాలేడు, ఎన్ని కరువులొచ్చినా ఏ గడ్డపారా దిగదు. గద్దె తెరిచిన రోజు గద్వాల పెద్దమనిషి జీపులో వచ్చి దండ వేసి, ఈ మట్టిలో నిద్రపోతున్నది ఒక మహామనిషి అన్నాడు. ఆయన జీవితంలో నిజం చెప్పింది ఆ ఒక్కసారేనేమో. జానకమ్మ ముందు వరసలో కూర్చుని కండ్లు తుడుచుకుంటోంది. ఎవరికోసమో నాకు తెలుసు.

బాలస్వామి మైకులో నన్ను పిలిచాడు. అందరి ముందూ నన్ను వంచాలని అతని సరదా. మాసన్న కూడా వచ్చి నాయినకు ఒక పువ్వు వేయాలి అన్నాడు. ఏదో ఎడ్డెం మాట అంటాను, నవ్వుదామని జనం మెడలు సాచారు. నేను లేచి పోయాను. పళ్లెంలో ఉన్న బంతిపూలు రెండు చేతులా తీసుకుని గద్దె మీద, తలాపున పోశాను. వంగి, నుదురు సిమెంటుకు ఆనించాను. ఎండకు కాలిన సిమెంటు, అయినా లేవబుద్ధి కాలేదు.

బాలస్వామి వచ్చి భుజం పట్టి లేపాడు. అతని కండ్లలో నిజంగానే నీళ్లు.

“మా నాయిన మీద నీకు గింత పాణం ఉన్నదని తెల్వదు మాసన్నా.”

“లోపలున్న మనిషి శాన మంచి మనిషి, బాలస్వామీ,” అన్నాను.

ఊరంతా అవునంది.